నల్లదొడ్డిలో రెండో చావు

ఆ వేసవిలో కర్నూలుకు నీళ్ల కరువు ఉంది, గింజల కరువు ఉంది గానీ మాటల కరువు మాత్రం లేదు. బురుజు నీడన సోడా తాగేవాళ్ల దగ్గర్నుంచి కోర్టు వరండాలో పడిగాపులు పడే కక్షిదారుల దాకా అందరి నోటా ఒకటే ముచ్చట. నల్లదొడ్డి చిన్నరెడ్డి హత్య.

కోడుమూరు దగ్గర నల్లదొడ్డి లింగారెడ్డి అంటే ఆ చుట్టుపక్కల పేరుమోసిన భూస్వామి. ఆయనకు ఒక్కగానొక్క కొడుకు శేషారెడ్డి, ఊరి నోట చిన్నరెడ్డి. మద్రాసులో లా చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన ఆ పిల్లవాడు ఒక మధ్యాహ్నం పడకమీద చచ్చిపడి ఉన్నాడు. ముఖం నల్లగా కమిలింది, పెదాలు నీలం తిరిగాయి. పడక పక్కన మజ్జిగ ముంత ఉంది. శవాన్ని ఆ సాయంత్రమే దహనం చేశారు. కర్నూలు వారపత్రిక ఒకటి ‘మజ్జిగ ముంతలో మృత్యువు’ అని పెద్దక్షరాల్లో అచ్చేసింది. ఆ ముంత తెచ్చిన పనిమనిషి హంపమ్మను పోలీసులు పట్టుకున్నారు. ఆమెకూ చిన్నరెడ్డికీ ఏదో నడిచిందని మరుసటి వారం పత్రిక రాసింది. హంపమ్మ బొమ్మ కూడా వేసింది. గీసినవాడు ఆమెను కంటితో చూసిన పాపాన పోలేదు కాబట్టి కాటుక కళ్లు, జడ నిండా పూలు, నడుము వంపు తనే దయతో సమకూర్చాడు. ఆ సంచిక పొద్దుగూకేలోపే అమ్ముడుపోయింది.

ఆ సంచికలన్నీ పొల్లుపోకుండా చదివినవాడు తిమ్మయ్య. ఒకప్పుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివు బసవరాజుకు సహాయకుడు. బసవరాజు ఆదోని వైపు మనిషి. పోలీసు ఉద్యోగం తనంతట తానే వదిలేసి, పాతపేటలో బట్టల కొట్టు మీది గదిలో కూర్చుని జనం చిక్కులు విప్పుతుంటాడు. ఆయన ముక్కులోకి నశ్యం వెళ్లే తీరు చూసి ఆలోచన ఎంత దూరం వెళ్లిందో తిమ్మయ్య చెప్పగలడు. ఆయన మీద తిమ్మయ్యకు అంత గురి.

“ఈ కేసు మన చేతికి రావలసింది, సార్,” అన్నాడు తిమ్మయ్య ఆ మధ్యాహ్నం, పత్రిక మడుస్తూ. “మన పేరు మద్రాసు దాకా పోయేది.”

బసవరాజు చూపు గుమ్మం వైపు ఉంది. మెట్ల మీద ఎవరో చేతికర్ర ఊతంతో ఎక్కుతున్న చప్పుడు వింటున్నాడు.

వచ్చింది ఒక ముసలమ్మ. కాళ్లకు చెప్పుల్లేవు, మోకాళ్ల దాకా నల్లరేగడి దుమ్ము. గుమ్మం దగ్గరే కూలబడి, “చావుల గుట్టు ఇప్పే అయ్య ఈడ్నేనా ఉండేది?” అని అడిగింది.

“ఈడ్నే అవ్వా. లోపలికి రా. నీళ్లు తాగు,” అన్నాడు బసవరాజు.

ఆమె నీళ్లు తాగలేదు. “నా పేరు గురమ్మ, సామీ. నల్లదొడ్డి. నా కోడలు హంపమ్మను ఉరి తీస్తారంట. దానికి పాలు తాగే బిడ్డ ఉండాది. ఆ బిడ్డకు నేను యాడ్నుంచి పాలు తెచ్చేది?”

తిమ్మయ్య గుండె జల్లుమంది. నిజం చెప్పాలంటే అది జాలి కాదు. రాష్ట్రమంతా చెప్పుకునే కేసు తన కాళ్లతో తానే మెట్లెక్కి వచ్చిందన్న సంబరం. ఆ సంబరం ముఖంలో కనబడకుండా ఉండడానికి పత్రిక అడ్డం పెట్టుకున్నాడు.

“మీ కొడుకు ఏమంటాడవ్వా?” అన్నాడు బసవరాజు.

“రెడ్డింట్లో కూలిచేసే నా కొడుకు మారెన్న యాడుండాడు సామీ? ఆ పొద్దే సచ్చిపోయె.”

“ఏ పొద్దు?”

“చిన్నరెడ్డి సచ్చిన పొద్దే.”

తిమ్మయ్య పత్రిక దించాడు. ఈ కేసు గురించి అచ్చయిన ప్రతి అక్షరం అతనికి కంఠతా వచ్చు. శేషారెడ్డి ఏ సబ్బుతో ఒళ్లు రుద్దుకునేవాడో కూడా రాశారు. అదే రోజు అదే ఇంట్లో కూలిచేసే మనిషి చచ్చిపోయాడని ఎక్కడా ఒక ముక్క లేదు.

“ఎట్ల పోయినాడు?”

“పాము కరిచిందనిరి. రెడ్డి మనుషులు గోనెపట్ట మీద తెచ్చి గుడిసె ముందర పండబెట్టిరి. ఒళ్లంతా తడిమితిని, సామీ. యాడా గాటు కనపల్యా. మొగం మాత్రం నల్లగా కమిలింది. పెదాలు నేరేడుపండ్ల మాదిరి అయిండె.”

బసవరాజు వేళ్ల మధ్య నశ్యం అలాగే ఉండిపోయింది. “ఇది పోలీసులకు చెప్పినావా?”

“చెప్తి. పాము మీద కేసు పెట్టమంటావా అవ్వా అని నగిరి.”

ప్రూఫులు దిద్దే రోజుల్లో ఇలాంటి వార్త చేతికొస్తే తనైనా చోటు చాలదని కొట్టేసేవాడినని తిమ్మయ్యకు తోచింది. ఆ తలపు అతనికి నచ్చలేదు.

“తిమ్మయ్యా,” అన్నాడు బసవరాజు లేస్తూ. “చిన్నరెడ్డి చావు గురించి ఊరంతా ఆలోచిస్తాంది. మనం మారెన్న చావు గురించి ఆలోచిద్దాం.”

*

సబ్‌జైల్లో హంపమ్మను చూసి తిమ్మయ్య పత్రికలోని బొమ్మ కోసం వెతికాడు. కాటుకా లేదు, పూలూ లేవు. ఎండకు మాడిన సన్నటి పిల్ల. రొమ్ముల దగ్గర చీర తడిసి ఉంది. బిడ్డ తాగని పాలు. అటు చూడకుండా బసవరాజు నేలమీద చూపు నిలిపి మాట్లాడాడు.

“నువ్వు ఒప్పుకున్నావని పోలీసులు అంటాండారు, తల్లీ.”

“కొట్టిరి, సామీ. ఏలిముద్ర ఏపించుకునిరి. అందులో ఏముండాదో నాకు తెల్దు.”

“ఆ పొద్దు ఏమి జరిగిందో జ్ఞాపకం తెచ్చుకో. చిన్నరెడ్డికి మజ్జిగ నువ్వే ఇచ్చినావా?”

“ఇయ్యల్యా. గదిలోకి పోతే ఆయప్ప ల్యాడు. పడక ఖాళీ. వొస్తాడులే అని ముంత ఆడ పెట్టి వొంటింట్లోకి వొచ్చినా.”

“తర్వాత?”

“పెద్ద ఈరన్న వొచ్చి లాంతరు ఎలిగించి ఇయ్యమన్యాడు.” పెద్ద ఈరన్న అంటే లింగారెడ్డి సేద్యం చూసే ముసలివాడని తిమ్మయ్యకు పత్రికల పుణ్యాన తెలుసు. “నాకు నగొచ్చింది. పొద్దు నడినెత్తికొస్తాంటే లాంతరేటికి మామా అంటి. అంతలో పెద్దరెడ్డి పెరట్లోనించి, లాంతరూ వొద్దు, లంకణాలూ వొద్దు, రా అని కసిరె. ఈరన్న లాంతరు ఆడ్నే ఇడిసి పాయె.”

“నీ మొగుడు యాడుండాడు అప్పుడు?”

“పెరట్లోనే. నన్నూ చిన్నరెడ్డి అమ్మనూ అటు దిక్కు రావొద్దనిరి. మద్యాన్నం అయినాక చిన్నరెడ్డి పడకమీద సచ్చిపోయినాడని ఏడుపులు. నేను గూడ ఏడిస్తి. నా మొగుడు గూడ పోయినాడని నాకు ఇంటికి పోయినాకనే తెలిసె.” ఆమె మోచేత్తో ముక్కు తుడుచుకుంది. “అందరూ ఆయప్పతో నీకేమి సంబంధం అనే అడిగిరి గానీ, నీ మొగుడు ఎట్ల పోయె అని ఒకరన్నా అడగల్యా, సామీ. నువ్వే అడిగినావు.”

జైలు బయట ఎండలోకి వచ్చాక తిమ్మయ్య అన్నాడు: “అయితే ముంత చిన్నరెడ్డి ముట్టుకోనే లేదేమో, సార్.”

“ముట్టుకున్నా మారెన్న ముట్టుకోడు గదా. రెడ్డిగారి కొడుకు ముంతలో కూలివాడు మజ్జిగ తాగేంత కాలం ఇంకా రాలేదు. ఇద్దరి ముఖాలూ ఒకే తీరుగా నల్లబడినాయి. అంటే ఇద్దరినీ చంపింది ఒకటే. అది మజ్జిగ మాత్రం కాదు.” బసవరాజు గొడుగు తెరిచాడు. “పట్టపగలు లాంతరు ఎందుకు కావలసి వచ్చిందో ఆలోచించు. నల్లదొడ్డి చేరేలోపు చెప్పగలిగితే నీకు సోడా ఇప్పిస్తాను.”

కడప పట్టణంలో పుట్టి పెరిగిన తిమ్మయ్యకు సోడా దక్కలేదు.

*

నల్లదొడ్డి అప్పటికే తిరునాళ్లలా మారిపోయింది. ఎక్కడెక్కడి నుంచో బండ్లు కట్టుకుని జనం వస్తున్నారు. లింగారెడ్డి ఇంటి వీధి కిటికీలోంచి చిన్నరెడ్డి పడక కనబడుతుంది. దాన్ని చూడడానికి వరస కట్టారు. చూసినవాళ్లు చూడనివాళ్లకు ముంత ఎక్కడుండేదో చేత్తో చూపిస్తున్నారు. అరుగు పక్కన బొరుగులు, వేరుశనక్కాయలు అమ్ముతున్నారు. ఒక తంబూరావాడు అప్పుడే హంపమ్మ మీద పాట కట్టి పాడుతున్నాడు. అందులో ఆమె కొప్పులో నాగుపాము కూడా ఉంది. వారపత్రిక విలేకరి నరసింహం ఊళ్లోనే మకాం వేసి, వారానికి సరిపడా కన్నీళ్లు పోగు చేసుకుంటున్నాడు.

గురమ్మ గుడిసె ఊరి ఆ చివర ఉంది. అటువైపు ఎవరూ పోవడం లేదు. గుడిసె ముందు చిన్న మట్టిదిబ్బ మీద ముళ్లకంప వేసి ఉంది. కుక్కలు తవ్వకుండా కంప వేశానని గురమ్మ చెప్పింది. శ్మశానం దాకా మోసేవాళ్లు ఆ రోజు దొరకలేదట. అందరూ పెద్దింట్లోనే ఉన్నారు.

రెడ్డి ఇంటి పక్కన కొట్టంలో గంజి కేంద్రం నడుస్తోంది. ‘శేషారెడ్డి స్మారక అన్నదానం’ అని బోర్డు. కొడుకు పెద్దకర్మ అయిన నాటినుంచి లింగారెడ్డి ఊరికి గంజి పోయిస్తున్నాడని, పుత్రశోకంలోనూ ఆయన గుణం మారలేదని నరసింహం పత్రికలో కొనియాడాడు. బసవరాజు కూడా ఒక చిప్ప పట్టుకుని వరసలో నిలబడ్డాడు. తిమ్మయ్యకు తల కొట్టేసినట్టయింది.

గంజి నోటి దగ్గరికి రాగానే పులిసి ముక్కిన వాసన కొట్టింది. తిమ్మయ్య ముక్కు ముడుచుకున్నాడు. పక్కన కూర్చున్న కంబన్న అనే కూలి నవ్వాడు.

“పాతర జొన్న, అప్పా. నేల్లో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి పోసి, పైన మట్టితో మూసింటారు. ఏండ్లు ఏండ్లు ఉంటాది. వాసన పోదు. కడుపైతే నిండుతాండాది.”

“కరువని తాసిల్దారు గింజ లెక్క అడిగితే, ఈ ఇంట్లో ల్యాదని రాసిచ్చిరంట గదా?” అన్నాడు బసవరాజు, చిప్ప ఊదుకుంటూ.

“అదంతా మాకెట్ల తెలుస్తాది?” కంబన్న చిప్పలోకి చూస్తూ అన్నాడు. “తాసిల్దారు తనిఖీకని చిన్నరెడ్డి పోయిన మరుసటి దినం వొచ్చిండె. చావిల్లని గడప తొక్కకుండా దండం పెట్టి పాయె.”

బసవరాజు గంజి చివరి చుక్క దాకా తాగాడు.

లింగారెడ్డి మర్యాదగానే మాట్లాడాడు. ఆరడుగుల మనిషి, కానీ పంచె లోపల మనిషి లేనట్టు ఉన్నాడు. “నా కొడుకు పోయె. ఎవరిని ఉరి తీసినా నాకు తిరిగొస్తాడా? చట్టం తన పని తాను చేసుకోనీ,” అన్నాడు. ఆయనకు ఫలహారంగా వరి అటుకులు తెచ్చిపెట్టారు. ఆ రోజునుంచి ఆయన జొన్నరొట్టె ముట్టడం లేదని వంటమనిషి గొణిగింది.

పెరట్లోకి వెళ్లినప్పుడు బసవరాజు అంతా కలయజూశాడు. కరువుకు నేల నోళ్లు తెరిచింది. కల్లాపి చల్లి ఎన్నాళ్లయిందో. కానీ దూడల్ని కట్టేసే చోట గుండ్రంగా, బండి చక్రమంత మేర, కొత్తగా పేడతో అలికి ఉంది. తాగే నీళ్లకు ఊరంతా కుండలు పట్టుకుని తిరుగుతుంటే, దూడల కాళ్ల కింద అలకడానికి ఎవరు నీళ్లు పోశారని తిమ్మయ్యకు కూడా తోచింది. ఆ మాట అంటే బసవరాజు అతని భుజం తట్టాడు.

కృష్ణవేణమ్మ, చిన్నరెడ్డి తల్లి, వాళ్లను లోపలికి పిలిపించింది. తలుపు వెనక చాప మీద కూర్చుని ఉంది. ఆమె కళ్లు ఎండిపోయాయి.

“అప్పా, ఒకటే అడుగుతా. నా బిడ్డ నిజంగా ఆ ఆడదాని కాడికి పోయినాడా? జనం కిటికీలో తలపెట్టి నవ్వుతాండారు. నా బిడ్డ పడక చూసి నవ్వుతాండారు.”

“ఇంకా చెప్పలేను, తల్లీ. ఆయన ఒళ్లు మీరే కడిగినారా?”

“నేనే. తలకు పోస్తాంటే పొట్టు వొచ్చె. జొన్న పొట్టు, గడ్డిపరకలు. పడకలో సచ్చినోనికి పొట్టు యాడిదప్పా అనుకుంటి. సంకల కింద తాడు ఒరుసుకున్నట్ల ఎర్రగా ఉండె. వాని నాయనను అడిగితే నోరు మూసుకోమన్యాడు.” ఆమె గొంతు తగ్గించింది. “ఇంగోటి చెప్తా. ఈళ్లంతా నాకు మతి పోయిందంటాండారు. మద్యాన్నమైతే నేల కిందనించి నా బిడ్డ గొంతు వినపడ్తాండాది. అమ్మా అని గాదు. తాడు, తాడు అంటాండాడు.”

బయట మండుటెండ, కిటికీ దగ్గర జనం గోల. లోపల ఆ తల్లి చెవి నేలవైపు ఒగ్గి కూర్చుంది.

“మతి పోలేదు, తల్లీ,” అన్నాడు బసవరాజు నెమ్మదిగా. “ఆ మాట మీరు నిజంగానే విన్నారు. మొదటిసారి విన్నది ఆ రోజే.”

*

మరునాడు పొద్దెక్కాక రెడ్డి ఇంటి పెరట్లో అందరూ చేరారు. బసవరాజుకు పాత పరిచయమున్న ఇన్‌స్పెక్టరు, విలేకరి నరసింహం, మంచం మీద లింగారెడ్డి, గోడకానుకుని పెద్ద ఈరన్న, తలుపు చాటున కృష్ణవేణమ్మ. గురమ్మ మనవణ్ని ఒళ్లో పెట్టుకుని దూరంగా కూర్చుంది. గోడల మీద జనం ఎక్కారు. వాళ్లను ఎవరూ పిలవలేదు గానీ దింపడం కూడా ఎవరి తరమూ కాలేదు.

“హంపమ్మ మీద నేరం నిలవాలంటే శేషారెడ్డి పడకలో చనిపోయి ఉండాల,” అని మొదలుపెట్టాడు బసవరాజు. “ఆయన పడకలో చనిపోలేదు. తిమ్మయ్యా, లాంతరు వెలిగించి తే.”

నరసింహం నవ్వాడు. “పట్టపగలు లాంతరా, బసవరాజుగారూ?”

“హంపమ్మ కూడా ఇట్లనే నవ్వింది. ఈరన్న నవ్వలేదు. ఏమప్పా ఈరన్నా, ఆ పొద్దు లాంతరు ఏటికి అడిగినావు?”

ఈరన్న చూపు దూడల్ని కట్టేసే చోటికి పోయింది. బసవరాజు దూడల్ని విప్పించి, అలికిన చోట తవ్వమన్నాడు. లింగారెడ్డి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. మట్టి తీశాక బండ, బండ పక్కకు జరిపితే నల్లటి నోరు, పులిసిన వాసన. గోడల మీది ఊరివాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ వాసన రోజూ వాళ్ల చిప్పల్లో ఉన్నదే.

“పాతర మూసి ఉన్నన్నాళ్లు గింజ లోపల ఉడికి విషపుగాలి పుడుతుంది. ఇది మా వైపు అందరికీ తెలుసు. అందుకే సాయంత్రం నోరు తెరిచి ఒక రాత్రంతా వదిలేస్తారు. మరునాడు వెలిగించిన దీపం దించి చూస్తారు. దీపం నిలిస్తే మనిషి దిగుతాడు. ఆరిపోతే దిగడు. పట్టపగలు లాంతరుతో పని పాతర దగ్గరే.”

ఆయన లాంతరు అద్దం తీసి, తాడు కట్టి లోపలికి వదిలాడు. మూరెడు దిగిందో లేదో మంట నీలంగా అయి, కుంచించుకుని, ఆరిపోయింది. గాలి లేదు, చప్పుడు లేదు. ఎవరో లోపలినుంచి చేత్తో నొక్కినట్టు ఆరిపోయింది. గురమ్మ ఆ చీకట్లోకే చూస్తూ ఉండిపోయింది.

“మరునాడు తాసిల్దారు వస్తాడని రెడ్డిగారికి కబురు అందింది. ఊరు ఊరంతా ఆకలితో ఉంటే పెరటి కింద పాతరలో జొన్న. గింజ లేదని రాసిచ్చినాడు. ఆ పూటకే గింజ తీసి దాటించాల. ఈరన్న లాంతరు అడిగితే కసిరినాడు. మారెన్నను దిగమన్నాడు. మారెన్న దిగినాడు, లేవలేదు. పాము కరిచిందన్న మనిషికి పెదాలు నేరేడుపండ్లట్ల అయింది ఇందుకు. శేషారెడ్డి తలలో జొన్న పొట్టు, సంకల కింద తాడు గుర్తులు కూడా ఇందుకే. ఇద్దరూ ఈ గోతిలోనే పోయినారు. ఒకటి మాత్రం నాకు తెలియదు. కూలివాణ్ని దించడం అర్థమైంది. రెడ్డిగారి కొడుకు ఎట్ల దిగినాడు?”

పెద్ద ఈరన్న కూలబడి ఏడ్చాడు.

“దుమికె, సామీ. మారెన్న కూత ఇని వీధి దిక్కునించి ఉరికొచ్చె. ఇడ్సిపెట్టురా, వాడింగ పోయినాడు, నువ్వు దిగొద్దని పెద్దరెడ్డి చెయ్యి పట్టుకున్యాడు. ఇదిలిచ్చుకుని దుమికె. తాడు, తాడు అని లోపల్నుంచి అరిచె. తాడు ఏస్తిమి. మారెన్నకు కట్టినాడు, సామీ. తనకు గాదు. మారెన్నకు. మేము మారెన్నను పైకి లాగేటప్పటికి ఆయప్ప గొంతు ఆగిపాయె. చెట్టుమండల్తో గాలి ఇసిరి, నీళ్లు కుమ్మరించి, ఊపిరి బిగబట్టి నేను దిగి తెస్తి. అప్పటికే...”

తలుపు చాటునుంచి కృష్ణవేణమ్మ బయటికి వచ్చింది. ఇంత జనం ముందుకు ఆమె ఎన్నడూ వచ్చి ఎరగదు. పాతర అంచు దాకా వచ్చి నిలబడింది.

“మాటలేమన్నా వినపడ్తాండాయా అని రోజూ అడిగితివి,” అంది మొగుడితో. “నాకు మతి పోయిందని మందు తెప్పిస్తివి. నా బిడ్డ ఆడదాని కోసం సచ్చినాడని ఊరు పాడ్తాంటే వింటా కూర్చుంటివి.”

లింగారెడ్డి తల ఎత్తలేదు. “నేను విషమని ఎవరికీ చెప్పల్యా. పడకలో పోయినాడని మాత్రం చెప్తి. మిగిలింది ఈ పత్రికాయన రాసె. జనం నమ్మె. పోలీసులు పట్టుకునిరి. నేను ఏమీ చెయ్యల్యా.”

“ఏమీ చెయ్యలేదు, నిజమే,” అన్నాడు బసవరాజు. “ఉరితాడు తనంతట తాను ఒక ఆడకూతురి మెడ దాకా పోతాంటే చూస్తా కూర్చున్నారు. మొగుడు ఎట్ల పోయినాడని అడిగే హక్కున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె జైల్లో ఉన్నంతకాలం ఆ ప్రశ్న కూడా జైల్లోనే ఉంటుంది. ఆ గింజ తినలేకపోయినారు, అమ్ముకోలేకపోయినారు. రాత్రిపూట కొంచెం కొంచెం తీసి, మళ్లీ మూసి, కొడుకు పేరు పెట్టి ఊరికి పోసినారు. ఆ వాసనే మిమ్మల్ని పట్టించింది.” ఆయన ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. “శేషారెడ్డిని ఎవరూ చంపలేదు. ఈ ఇంట్లో జరిగిన నేరం మారెన్న చావు. అది చేసింది లింగారెడ్డిగారు. ఒక దీపం ఆరిపోతే ఒక రోజు పోతుందని, దీపానికి బదులు మనిషిని దించినారు.”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నరసింహం పెన్సిలు మాత్రం ఆగకుండా కదులుతోంది.

అప్పుడు కృష్ణవేణమ్మ నడిచి వెళ్లి గురమ్మ ముందు నేలమీద కూర్చుంది. చెయ్యి చాచింది, కానీ ముట్టుకోవచ్చునో లేదో తెలియనట్టు మధ్యలోనే ఆపింది. గురమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు, తోసెయ్యలేదు. ఒళ్లో బిడ్డను కొంచెం పక్కకు జరిపి చోటిచ్చింది.

*

హంపమ్మను వదిలేశారు. లింగారెడ్డి మీద కేసు పెట్టారు, ఆ సాయంత్రమే జామీను దొరికింది. నల్లదొడ్డికి బండ్లు ఇంకా ఎక్కువగా వస్తున్నాయని, ఇప్పుడు కిటికీ వదిలి పాతర చూస్తున్నారని తెలిసింది. తంబూరావాడు పాట మార్చాడట.

పత్రిక అచ్చు కాకముందే తిమ్మయ్య ఆఫీసుకు వెళ్లి నరసింహాన్ని కలిశాడు. మారెన్న పేరు తప్పకుండా వేయమన్నాడు. నరసింహం మంచివాడే. కాఫీ ఇప్పించాడు. “పేరు రాస్తే చదివేవాడికి ఎవరని గుర్తు, తిమ్మయ్యా? నువ్వూ ఈ పని చేసినవాడివే, నీకు తెలీదా? చోటు చాలదు,” అన్నాడు.

వారం తిరిగాక అత్తా కోడళ్లు బిడ్డనెత్తుకుని బట్టల కొట్టు మీది గదికి వచ్చారు. బసవరాజుకు దండం పెట్టారు. గురమ్మ కొంగులోంచి మడిచిన పత్రిక తీసింది. బస్సులో ఎవరినో అడిగి తెచ్చుకుందట.

“నా కొడుకు సంగతి పడిందంట గదా. సదువు నాయనా,” అంది తిమ్మయ్యతో.

మొదటి పేజీ సగం మేర శేషారెడ్డి ఫొటో. పైన ‘కూలి కోసం ప్రాణమిచ్చిన త్యాగధనుడు’ అని ఉంది. తిమ్మయ్య చదవసాగాడు. మద్రాసు చదువు, మంచి గుణం, తల్లి దుఃఖం, తండ్రి పశ్చాత్తాపం, డిటెక్టివు బసవరాజు మేధాశక్తి. తన పేరు కూడా ఒకచోట ఉంది. వేరే రోజైతే ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివేవాడు. ఇప్పుడు దాటించేశాడు. బిడ్డ పాలు తాగుతోంది. గురమ్మ చెవి ఒగ్గి వింటోంది.

‘పాతరలో స్పృహ తప్పిన ఒక కూలివాణ్ని రక్షించబోయి’ అన్న చోటికి వచ్చాడు. తల ఎత్తితే బసవరాజు కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. తిమ్మయ్య మళ్లీ పత్రికలోకి చూసి, ఆగకుండా చదివాడు.

“నల్లదొడ్డి గురమ్మ కొడుకు, హంపమ్మ మొగుడు, మారెన్నను రక్షించబోయి. మారెన్న కష్టజీవి. లాంతరు లేకుండా దించితే, ఇంట్లో బిడ్డ ఉండాదని తెలిసీ, మాట కాదనలేక దిగినాడు.”

హంపమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. గురమ్మ పత్రిక మీది అక్షరాల వరసను వేలితో తడిమింది.

“అచ్చులో అట్ల ల్యాదు గదా, నాయనా,” అంది. “ఉండాదని చెప్తాండావు గానీ, నీ గొంతు ఆడికొచ్చేసరికి మారె.”

తిమ్మయ్య తల దించుకున్నాడు.

“పోనీలే,” అంది గురమ్మ. పత్రిక అతని చేతుల్లోనే సరిచేసి పెట్టింది. “ఇంగోసారి సదువు.”